గుంపంటే భయం: కరీబియన్ బానిసల మతం, దొరల చట్టం

(ఫోరం సమావేశంలో చేసిన ప్రసంగానికి లిఖిత రూపం. సమయం చాలక ఆ రోజు వదిలేసిన కొన్ని వివరాలు ఇక్కడ చేర్చాను.)



"మతమూ రాజకీయాలూ" అన్న విషయం మీద మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. ఈ మాట వినగానే మనం సాధారణంగా మన దేశం గొడవల్లోకి వెళ్ళిపోతాం. ఎవరి పక్షం వాళ్ళకి ముందే ఉంటుంది కాబట్టి పది నిమిషాల్లో గొంతులు లేస్తాయి. ఇంటికెళ్ళేటప్పుడు కొత్తగా తెలుసుకున్నదేమీ ఉండదు. అందుకని మనలో ఎవరికీ ముందుగా పక్షం లేని చోటు ఒకటి ఎంచుకున్నాను. మయామీ నుంచి విమానంలో రెండు గంటల దూరంలో ఉన్న హైతీ, ఆ కరీబియన్ సముద్రంలోనే ఉన్న జమైకా, బార్బడోస్, క్యూబా, ట్రినిడాడ్.

ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన మనుషులు ఆ దీవుల్లో నిలబెట్టుకున్న మతాల గురించి మనకి తెలిసింది చాలా తక్కువ. వూడూ అంటే సూదులు గుచ్చిన బొమ్మ. మన ఆఫీసుల్లో ఎందుకు పనిచేస్తోందో ఎవరికీ అర్థం కాని కోడ్‌ని "వూడూ" అని నవ్వుకుంటాం. జమైకాలో "ఓబియా" అనేదాన్ని తెలుగులో చెప్పమంటే వెంటనే నోటికొచ్చే మాట "చేతబడి". ఈ అర్థాలు మనకి ఎక్కడినుంచి వచ్చాయి? మనమెవరం హైతీ వెళ్ళి చూసి రాలేదు కదా. నేను చెప్పబోయేదంతా ఒక రకంగా ఈ ప్రశ్నకి జవాబే.

నా వాదన ముందే చెప్పేస్తాను. ఒకే మతం, కొన్నిచోట్ల ఒకే గ్రంథం, బానిసత్వానికీ పనికొచ్చింది, విముక్తికీ పనికొచ్చింది. అది ఎప్పుడు ఎటు మొగ్గుతుందన్నది దేవుడి పేరును బట్టి తేలలేదు. ఎవరు గుమికూడొచ్చు, ఎవరు చదవొచ్చు, ఎవరు అర్థం చెప్పొచ్చు అన్న మూడు విషయాలను బట్టి తేలింది. ఈ సంగతి మనకన్నా ముందు దొరలకి అర్థమైంది. వాళ్ళు రాసుకున్న చట్టాలే సాక్ష్యం.

బాప్తిస్మమూ కొరడా ఒకే కాగితం మీద

హైతీ పాత పేరు సాన్ డొమాంగ్. ఆ దీవిలో పడమటి భాగం 1697లో ఒప్పందం ప్రకారం ఫ్రాన్స్ చేతికొచ్చింది. 1789 నాటికి అక్కడ దాదాపు 5 లక్షల మంది బానిసలు ఉండేవాళ్ళు. తెల్లవాళ్ళు 30 వేల చిల్లర. విడుదలైన నల్లవాళ్ళు, మిశ్రమ జాతి వాళ్ళు దాదాపు మరో అంతమంది. యూరప్ తాగే కాఫీలో సగానికి పైగా, తినే పంచదారలో దాదాపు 40 శాతం ఈ ఒక్క కాలనీ నుంచే వెళ్ళేది. ఉన్న మనిషిని బతికించుకోవడం కన్నా, చచ్చినవాడి స్థానంలో ఇంకొకణ్ణి కొనుక్కోవడం చవక అని తోటల యజమానుల లెక్క. అందుకే ఓడలు వస్తూనే ఉండేవి. తిరుగుబాటు మొదలైన 1791 నాటికి అక్కడి బానిసల్లో సగానికి పైగా ఆఫ్రికాలో పుట్టినవాళ్ళే.

ఈ వ్యవస్థకి చట్టం 1685లో 14వ లూయీ జారీ చేసిన "కోడ్ నువార్", అంటే నల్ల చట్టం. దాని రెండో అధికరణం బానిసలందరికీ బాప్తిస్మం ఇప్పించాలంటుంది. మూడో అధికరణం కాథలిక్ మతం తప్ప ఇంకే మతాన్నీ బహిరంగంగా ఆచరించకూడదంటుంది. ఆదివారాలు, పండగ రోజులు పని చేయించకూడదని కూడా ఉంది. ఇంకొంచెం కిందికి వెళ్ళండి. పదహారో అధికరణం ప్రకారం వేర్వేరు యజమానుల బానిసలు పగలు గానీ రాత్రి గానీ, పెళ్ళి పేరుతోనైనా సరే, ఒకచోట చేరకూడదు. చేరితే కొరడా దెబ్బలు, వాత. మళ్ళీ మళ్ళీ చేరితే మరణశిక్ష కూడా వేయొచ్చు. ముప్పై ఎనిమిదో అధికరణం ప్రకారం నెల రోజులు పారిపోయినవాడికి చెవులు కోసి వాత పెట్టాలి, రెండోసారి పారిపోతే మోకాలి వెనక నరం తెగ్గొయ్యాలి, మూడోసారి చంపాలి.

ఒకే చట్టం మనిషి ఆత్మను రక్షించమనీ చెబుతోంది, నరం తెగ్గొయ్యమనీ చెబుతోంది. రాసినవాళ్ళకి ఇందులో వైరుధ్యం కనపడలేదు. మతం ఉండొచ్చు, యజమాని కళ్ళ ముందు ఉండాలి. చర్చిలో వరసగా కూర్చోబెడితే పూజ, అడవిలో వాళ్ళంతట వాళ్ళు కూర్చుంటే నేరం. మతగురువులైనా సరే ఈ గీత దాటితే ఊరుకోలేదు. బానిసలతో మరీ దగ్గరగా ఉంటున్నారన్న అనుమానంతో 1763లో జెస్యూట్లను ఆ కాలనీ నుంచి వెళ్ళగొట్టారు.

ఇంగ్లీషువాళ్ళ కాలనీల్లో ఇంకో దారి. బాప్తిస్మం ఇస్తే విడుదల చేయాల్సి వస్తుందేమోనని, చదువు నేర్చుకుంటారేమోనని, అక్కడి యజమానులు చాలాకాలం అసలు క్రైస్తవమే వద్దన్నారు. మరి చర్చి ఏం చేసింది? బార్బడోస్‌లో కోడ్రింగ్టన్ అనే తోటల యజమాని 1710లో చనిపోతూ తన రెండు చెరుకు తోటలను, బానిసలతో సహా, సువార్త ప్రచారం చేసే ఒక ఆంగ్లికన్ సంఘానికి రాసిచ్చాడు. ఆ సంఘం బానిసలను విడుదల చేయలేదు. వాళ్ళ రొమ్ముల మీద "సొసైటీ" అన్న మాటతో కాల్చిన ఇనుముతో వాతలు పెట్టించింది. 1834లో బానిసత్వం రద్దయినప్పుడు ఆ తోటల్లోని 411 మందికి గాను 8,823 పౌన్ల నష్టపరిహారం వచ్చింది. వచ్చింది బానిసలకి కాదండీ, యజమానుల పక్షానికి. ఇంగ్లండ్ చర్చి దీనికి క్షమాపణ చెప్పింది 2006లో.

గ్రంథాన్ని ఏం చేశారో కూడా చూడండి. 1807లో లండన్‌లో వెస్టిండీస్ బానిసల కోసం ప్రత్యేకంగా ఒక బైబిల్ అచ్చువేశారు. మామూలు ప్రొటెస్టెంట్ బైబిల్‌లో 1,189 అధ్యాయాలుంటే అందులో ఉన్నవి 232. యోసేపు ఐగుప్తులో బానిసగా ఉండి యజమానికి నమ్మకంగా పనిచేసిన కథ ఉంచారు. మోషే ఫరో ఎదుట నిలబడి తన జనాన్ని బానిసత్వం నుంచి బయటికి నడిపించిన నిర్గమకాండము అధ్యాయాలు తీసేశారు. దాసుడనీ స్వతంత్రుడనీ తేడా లేదని పౌలు గలతీయులకు రాసిన మాట తీసేశారు. దాసులు యజమానులకు లోబడాలని ఎఫెసీయులకు రాసిన మాట ఉంచారు. మతాన్ని మత్తుమందుతో పోల్చిన మార్క్స్ మాట మనలో చాలామందికి తెలుసు. కానీ ఇది చూశాక నాకు కలిగే సందేహం ఒకటుంది. గ్రంథం మొత్తం మత్తుమందే అయితే దాంట్లో మూడొంతుల పైగా కత్తిరించే శ్రమ ఎందుకు పడ్డారు? ఆ తీసేసిన పేజీల్లో ఏముందో వాళ్ళకి బాగా తెలుసు కాబట్టే.

అడవిలో చేరిన జనం

ఇప్పుడు వూడూ దగ్గరికి వద్దాం. ఈ మాట పశ్చిమ ఆఫ్రికాలోని ఫాన్ భాషది. దేవత, ఆత్మ అని అర్థం. ఫాన్ వాళ్ళు ఉన్న దహోమీ రాజ్యం ఇప్పటి బెనిన్ దేశంలో భాగం. సాన్ డొమాంగ్‌కి తెచ్చిన జనంలో ఫాన్ వాళ్ళున్నారు, యోరుబా వాళ్ళున్నారు, కాంగో నుంచి వచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఒకరి భాష ఒకరికి రాదు. తోటలో పక్కపక్కన చెరుకు నరికే ఇద్దరు సొంత ఊళ్ళో శత్రు రాజ్యాలవాళ్ళు కూడా అయివుండొచ్చు. ఇలాంటివాళ్ళని ఒకచోట కూర్చోబెట్టే సంస్థ తోటలో ఏదీ లేదు. పంచాయతీ లేదు, కులపెద్ద లేడు, కుటుంబాన్నయినా ఎప్పుడు విడదీసి అమ్ముతారో తెలీదు.

ఆ లోటు వూడూ తీర్చింది. అందులో పైనెక్కడో ఉన్న పెద్ద దేవుడు ఒకడు, మనుషులతో నేరుగా వ్యవహరించే "ల్వా" అనే దేవతలు అనేకమంది. పూజలో ఒక్కొక్క "జాతి" దేవతలనీ వరస ప్రకారం పిలుస్తారు. దహోమీ వైపు నుంచి వచ్చిన రాడా దేవతలు, కాంగో దేవతలు, దీవిలోనే పుట్టిన పెట్రో దేవతలు. ఎవరినీ వదిలిపెట్టరు. డోలు మోగుతుంది, పాట నడుస్తుంది, దేవత ఎవరో ఒకరి ఒంటి మీదికి వస్తుంది. మన జాతరల్లో పూనకం చూసినవాళ్ళకి ఇది వింతేమీ కాదు. పగలంతా దొర సొత్తుగా ఉన్న శరీరం ఆ కాసేపు దేవత పీఠం అవుతుంది, చుట్టూ ఉన్నవాళ్ళు దానికి మొక్కుతారు. నువ్వు వస్తువువని చట్టం అంటుంటే ఇది ఎంత పెద్ద ఎదురుమాటో ఆలోచించండి.

కాథలిక్ బొమ్మలనీ వాళ్ళు వదల్లేదు. కాళ్ళ దగ్గర పాములున్న సెయింట్ పాట్రిక్ పటంలో తమ సర్పదేవత దంబాలాని చూసుకున్నారు. దీన్ని దొర కళ్ళుగప్పడానికి వేసిన ముసుగు అని మాత్రమే అంటే సరిపోదు. కాంగో రాజు 1491లోనే బాప్తిస్మం పుచ్చుకున్నాడు. అక్కడినుంచి వచ్చిన చాలామందికి శిలువ ఓడెక్కకముందే తెలుసు. అది దొర ఇచ్చిన వస్తువని వాళ్ళు అనుకోలేదు.

మకండాల్ అనే బానిస తోటనుంచి పారిపోయి, చెట్లూ మూలికలూ మంత్రాలూ తెలిసినవాడిగా పేరు తెచ్చుకున్నాడు. తోట తోటకీ మనుషులను కూడగట్టి, దొరలకి విషం పెట్టే కుట్ర నడిపాడని ఆరోపించి 1758 జనవరిలో కాప్ పట్నంలో సజీవంగా తగలబెట్టారు. భయపడతారని బానిసలను తెచ్చి చూపించారు. ఆయన మంటల్లోంచి ఎగిరిపోయాడని వాళ్ళు నమ్మారు. ఆ నమ్మకం ముప్పై మూడేళ్ళు బతికింది.

1791 ఆగస్టులో ఉత్తరాది తోటల నుంచి వచ్చిన బానిసలు బ్వా కయ్‌మాన్ అనే అడవిలో సమావేశమయ్యారు. బుక్‌మన్ నాయకుడు. సెసీల్ ఫాతిమాన్ అనే పూజారిణి క్రతువు జరిపిందని, నల్లపందిని బలిచ్చి అందరూ ప్రమాణం చేశారని హైతీ ప్రజలు చెప్పుకుంటారు. ఆ రాత్రి గురించి తొలి రాత శత్రుపక్షానిది. ఒక ఫ్రెంచి వైద్యుడు రాసిన పుస్తకం 1814లో అచ్చయింది. అందుకని తేదీ మీద, వివరాల మీద చరిత్రకారుల్లో వాదాలున్నాయి. కానీ ఆగస్టు 22 రాత్రి మొదలుపెట్టి వందల తోటలు తగలబడ్డాయన్న దాని మీద వాదం లేదు. అన్ని తోటలు దాదాపు ఒకేసారి లేవాలంటే ముందుగా ఒకచోట చేరి మాట్లాడుకుని ఉండాలి, ఒకరి మాట ఒకరు నమ్మి ఉండాలి. పదహారో అధికరణం ఆపాలనుకున్నది సరిగ్గా దీన్నే.

నవంబరులో బుక్‌మన్‌ని చంపి తల ఊరేగించారు. పోరాటం ఆగలేదు. 1794లో ఫ్రాన్స్ బానిసత్వం రద్దు చేసింది. దాన్ని తిరిగి తేవడానికి నెపోలియన్ పంపిన సైన్యాన్ని 1803 నవంబరు 18న వెర్తియేర్ దగ్గర ఓడించి, 1804 జనవరి 1న హైతీ స్వతంత్రం ప్రకటించుకుంది.

జమైకాలో చట్టం ఏమంది?

1760లో జమైకాలో టాకీ అనే నాయకుడి కింద బానిసలు తిరగబడ్డారు. ఓబియా తెలిసినవాళ్ళు పోరాడేవాళ్ళకి రక్ష కట్టారు, పొడి ఇచ్చారు, ప్రమాణాలు చేయించారు. తిరుగుబాటుని అణిచేశాక ఆ ఏడాదే అక్కడి శాసనసభ ఒక చట్టం చేసింది. దాని పేరులోనే ఏయే విషయాలున్నాయో వినండి: బానిసల అక్రమ సమావేశాలు, ఆయుధాలు దగ్గర పెట్టుకోవడం, చీటీ లేకుండా ఊరు దాటడం, ఓబియా. అంతకుముందు ఓబియా ఉంది, దొరలకి తెలుసు, మూఢనమ్మకమని నవ్వుకునేవాళ్ళు. సమావేశాలూ ఆయుధాల పక్కన దానికి చోటు దొరికింది తిరుగుబాటు తర్వాతే. "చేతబడి" అని మనం చటుక్కున అనేస్తున్న మాట వెనక ఈ చట్టం ఉంది. ఓబియా వాళ్ళు జబ్బులకి మందులిచ్చారు, తగువులు తీర్చారు, కీడు చేస్తామని భయపెట్టినవాళ్ళూ ఉన్నారు. అన్నిటినీ కలిపి నేరం చేసి పెట్టింది దొరల శాసనసభ.

ఇక్కడ ఒక అనుమానం రావచ్చు. ఆఫ్రికా మతం విముక్తి వైపు, క్రైస్తవం దొర వైపు అనేసుకోవచ్చు కదా అని. జమైకాయే దానికి అడ్డం వస్తుంది. అమెరికా నుంచి వెళ్ళిన జార్జ్ లీల్ అనే విడుదలైన బానిస 1780ల్లో అక్కడ బాప్టిస్ట్ సంఘం మొదలుపెట్టాడు. ఆ సంఘాల్లో నల్లవాళ్ళే బోధకులయ్యారు. యాభై ఏళ్ళ తర్వాత మాంటెగో బే పట్నంలో శామ్ షార్ప్ అనే బానిస, బాప్టిస్ట్ డీకన్, చదువు వచ్చినవాడు. బైబిలూ చదివాడు, బానిసత్వం రద్దు గురించి బ్రిటన్‌లో జరుగుతున్న చర్చల వార్తలూ చదివాడు. ప్రార్థన అయ్యాక కొందరిని ఉండమని చెప్పి, క్రిస్మస్ తర్వాత కూలి ఇవ్వందే పనిలోకి దిగమని బైబిల్ మీద ప్రమాణం చేయించాడు. మన మాటల్లో చెప్పాలంటే సమ్మె నోటీసు. 1831 డిసెంబరు 27న మొదలైన ఆ సమ్మె తిరుగుబాటుగా మారింది. దాదాపు 60 వేల మంది పాల్గొన్నారని అంచనా. పోరులో చనిపోయిన తెల్లవాళ్ళు 14 మంది. ప్రభుత్వం 300 మందికి పైగా మనుషులను చంపింది, అది విచారణల తర్వాత వేసిన శిక్షల లెక్క మాత్రమే. 1832 మే 23న షార్ప్‌ని ఉరితీశారు. తోటల యజమానులు మూకలుగా వెళ్ళి బాప్టిస్ట్ చర్చిలు తగలబెట్టారు. గమనించండి, క్రైస్తవులు తగలబెట్టింది చర్చిలనే. మరుసటి ఏడాది బ్రిటిష్ పార్లమెంటు బానిసత్వం రద్దు చట్టం చేసింది. యజమానులకి 2 కోట్ల పౌన్లు పరిహారం ఇచ్చింది. దానికోసం చేసిన అప్పు పూర్తిగా తీరింది 2015లో.

స్వతంత్రం తర్వాత కూడా అదే చట్టం

వలస పాలకుడు పోతే కథ ముగుస్తుందనుకుంటే హైతీ మనకి ఇంకో పాఠం చెబుతుంది. బానిసల సైన్యానికి మహానాయకుడైన టూసాన్ లూవెర్చ్యూర్ నిష్ఠగల కాథలిక్. 1800లో ఆయనే వూడూ నృత్యాలనీ రాత్రి సమావేశాలనీ నిషేధించాడు. తోటల్లో పని మళ్ళీ నడవాలని ఆయన పట్టుదల. జనం రాత్రుళ్ళు చేరి ఏం మాట్లాడుకుంటారో ఇప్పుడు ఆయనకీ భయమే. 1835లో హైతీ శిక్షాస్మృతి వూడూని మంత్రగాళ్ళ నేరాల కింద చేర్చింది. నాగరిక దేశంగా ఫ్రాన్స్ ఒప్పుకోవాలని పాలకుల తాపత్రయం. ఆ ఒప్పుకోలు కోసమే 1825లో 15 కోట్ల ఫ్రాంకుల పరిహారానికి తలవంచారు. అంటే విడుదలైన బానిసలు తమ విడుదల ఖరీదు పాత యజమానులకి చెల్లించాలన్నమాట. తర్వాత ఆ మొత్తం తగ్గించినా, దానికోసం చేసిన అప్పుల బరువు 1947 దాకా దేశం మోసింది.

1915 నుంచి 1934 దాకా హైతీని ఆక్రమించింది మనమిప్పుడు పన్నులు కడుతున్న ఈ దేశమే. అమెరికన్ మెరీన్లు పాత శిక్షాస్మృతినే పట్టుకుని వూడూ గుళ్ళ మీద దాడులు చేశారు, డోళ్ళు తగలబెట్టారు. రైతులను రోడ్డు పనులకి వెట్టికి పట్టారు. దాన్ని ఎదిరించిన గెరిల్లా నాయకుడు షార్లమాన్ పెరాల్ట్‌ని 1919లో చంపి, శవాన్ని తలుపుకి కట్టి ఫొటో తీసి, జనం భయపడాలని పంచిపెట్టారు. ఆ ఫొటోలో జనానికి శిలువ మీద క్రీస్తు కనిపించాడు. భయపెట్టడానికి వేసిన బొమ్మ పూజాపటమైంది. మళ్ళీ అదే సంగతి: బొమ్మ ఎవరిదైనా దాని అర్థం చెప్పేది ఎవరన్నది ముఖ్యం.

జాంబీ కూడా ఆ కాలంలోనే హాలీవుడ్‌కి చేరింది. 1932లో వచ్చిన "వైట్ జాంబీ" మొదలు 2021లో మన తెలుగులో వచ్చిన "జాంబీ రెడ్డి" దాకా ఆ పేరు మనకి సినిమాల్లోంచే తెలుసు. సినిమాలో మనం భయపడేది జాంబీ వచ్చి కరుస్తుందని. హైతీ రైతు భయం అది కాదు, తాను జాంబీ అవుతానేమోనని. చచ్చిపోయాక కూడా ఎవరో లేపి, ఆలోచన లేని మనిషిగా పొలంలో పని చేయిస్తారని. చావు ఒక్కటే విడుదలగా ఉన్న బానిస జీవితానికి అంతకన్నా పెద్ద భయం ఏముంటుంది? బానిసత్వపు జ్ఞాపకాన్ని తీసుకుని మనకి కాలక్షేపం చేసి అమ్మారు.

ఈ అవమానానికి జవాబుగా జాన్ ప్రైస్-మార్స్ అనే హైతీ మేధావి 1928లో ఒక పుస్తకం రాసి, వూడూ కూడా మతమేననీ, రైతుల పాటలూ కథలూ దేశ సంస్కృతేననీ చదువుకున్న తన వర్గానికి చెప్పాడు. ఆ వర్గం వెంటనే మారలేదు. 1935లో మళ్ళీ నిషేధ చట్టం వచ్చింది. 1941లో కాథలిక్ చర్చి ప్రభుత్వం అండతో ఊరూరా తిరిగి పూజాసామగ్రి తగలబెట్టించింది, పవిత్రంగా చూసుకునే బూరుగు జాతి చెట్లు నరికించింది, వూడూని వదిలేశామని జనం చేత ప్రమాణాలు చేయించింది.

ఆ తర్వాత వచ్చినవాడు ఇంకా తెలివైనవాడు. 1957లో అధ్యక్షుడైన ఫ్రాంస్వా దువాలియే వూడూని తిట్టలేదు, వాడుకున్నాడు. నల్ల సూటు, నల్ల టోపీ వేసుకుని శ్మశాన దేవత బారన్ సామ్దీలా కనిపించేవాడు. పూజారుల్లో కొందరిని తన ప్రైవేటు సైన్యంలోకి తీసుకున్నాడు. పీడితుల మతం పీడకుడి ఆయుధమైంది. 1986లో అతని కొడుకు పారిపోయాక జనాగ్రహంలో ఎందరో పూజారులు హత్యకు గురయ్యారు. వాళ్ళలో దువాలియేతో ఏ సంబంధం లేనివాళ్ళూ ఉన్నారు. 1987 రాజ్యాంగం 1935 నాటి నిషేధాన్ని రద్దు చేసింది. 2003లో అరిస్టీడ్ ప్రభుత్వం వూడూని మతంగా గుర్తించింది. బ్వా కయ్‌మాన్ నుంచి లెక్కేస్తే 212 ఏళ్ళు.

మనవాళ్ళు ఈ కథలో ఎక్కడున్నారు?

బానిసత్వం రద్దయ్యాక ఆ చెరుకు తోటల్లోకి ఒప్పంద కూలీలుగా వెళ్ళింది మన దేశంవాళ్ళు. ఎక్కువమంది కలకత్తా రేవు నుంచి వెళ్ళారు, కొంతమంది మద్రాసు రేవు నుంచి. మద్రాసు నుంచి వెళ్ళినవాళ్ళలో తమిళులతో పాటు తెలుగువాళ్ళూ ఉన్నారు. గయానా, ట్రినిడాడ్‌లలో వాళ్ళని మొత్తంగా "మద్రాసీలు" అన్నారు. వాళ్ళ మారెమ్మ, కాళి పూజల్లో పూనకం ఉంది, బలి ఉంది, "తప్పు" అని పిలిచే డప్పు ఉంది. దొరలకీ, ఉత్తరాది నుంచి వెళ్ళిన పెద్ద కులాల పురోహితులకీ కూడా అది మోటు వ్యవహారంగానే కనిపించింది.

1884లో ట్రినిడాడ్ ప్రభుత్వం హోసే ఊరేగింపులు పట్నాల్లోకి రాకూడదని నిషేధించింది. హోసే అంటే మన పీర్ల పండగ. అక్కడ హిందూ కూలీలూ ముస్లిం కూలీలూ కలిసి చేసేవాళ్ళు, నల్లవాళ్ళు కూడా చేరి డోళ్ళు వాయించేవాళ్ళు. ఆ అక్టోబరు 30న శాన్ ఫెర్నాండో దగ్గర ఊరేగింపు మీద పోలీసులు కాల్పులు జరిపి కూలీలను చంపారు. అదే ట్రినిడాడ్‌లో 1917లో నల్లవాళ్ళ "షౌటర్ బాప్టిస్టు" ఆరాధనను, గోల చేస్తున్నారన్న సాకుతో, చట్టం చేసి నిషేధించారు. 1951 మార్చి 30న ఆ చట్టం పోయింది. 1996 నుంచి ఆ రోజు అక్కడ జాతీయ సెలవు. కూలీ డప్పూ, షౌటర్ల గంటా ఆ దొరలకి ఒకేలా వినిపించాయి.

ఇక మనమున్న ఈ దేశం సంగతి. క్యూబా నుంచి ఫ్లోరిడాకి వచ్చినవాళ్ళతో యోరుబా మూలాలున్న సాంటెరియా మతం కూడా వచ్చింది. 1987లో హయలీయా పట్నంలో ఎర్నెస్టో పిచార్డో నాయకత్వంలో లుకుమీ బబలు ఆయే చర్చి గుడి కట్టుకుంటామంటే, ఊరి కౌన్సిల్ హడావుడిగా జంతుబలిని నిషేధిస్తూ నిబంధనలు చేసింది. కబేళాలకి అడ్డు లేదు, యూదుల కోషర్ వధకి అడ్డు లేదు, వేటకి అడ్డు లేదు. వీళ్ళ ఒక్కరి పూజకి మాత్రం అడ్డు. 1993లో అమెరికా సుప్రీం కోర్టు ఏకగ్రీవంగా ఆ నిబంధనలను కొట్టేసింది. ఒక మతాన్ని గురిపెట్టి చట్టం చేయకూడదంది. జంతుబలి మీద మీ అభిప్రాయం ఏదైనా కావచ్చు. కానీ రేపు మన గుడికో, మన పక్కవాళ్ళ మసీదుకో, గురుద్వారాకో ఏదైనా కౌన్సిల్ అడ్డం పడితే మన లాయరు మొదట తీసే తీర్పుల్లో ఇదొకటి. ఆ హక్కు మన డాక్టర్లూ ఇంజనీర్లూ సంపాదించింది కాదు. అందరూ "వూడూ" అని నవ్విన వాళ్ళు కోర్టుకెళ్ళి సంపాదించి పెట్టారు.

2010 జనవరిలో భూకంపం వచ్చి హైతీ నేలమట్టమైన మర్నాడు పాట్ రాబర్ట్‌సన్ అనే టీవీ ప్రచారకుడు, ఫ్రెంచివాళ్ళ నుంచి బయటపడడానికి వాళ్ళు సైతానుతో ఒప్పందం చేసుకున్నారని, అందుకే ఈ శాపమని అన్నాడు. బ్వా కయ్‌మాన్ గురించే ఆ మాట. అప్పుపత్రం కళ్ళముందు ఉండగా సైతాను ఒప్పందం వెతుక్కున్నాడు. 2024 సెప్టెంబరులో అధ్యక్ష ఎన్నికల చర్చలో డొనాల్డ్ ట్రంప్ ఒహాయోలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో హైతీ వలసజీవులు ఇరుగుపొరుగు కుక్కలనీ పిల్లులనీ తింటున్నారన్నాడు. ఊరి అధికారులు ఆధారం లేదని చెప్పినా బాంబు బెదిరింపులు వచ్చాయి, స్కూళ్ళు ఖాళీ చేయించాల్సి వచ్చింది. ఆ వారం మన వాట్సాప్ గ్రూపుల్లో కూడా ఆ జోకులు తిరిగాయి. పంపినవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు, మన స్నేహితులే. కానీ ఆ జోకు 1760 నాటి చట్టం నుంచి నేరుగా వస్తోందని తెలిస్తే పంపుతారా?

కాబట్టి మిత్రులారా, ఏ మతం గురించైనా, మన మతంతో సహా, ఇది మంచిదా చెడ్డదా అని అడగడం కన్నా ఇంకో మూడు ప్రశ్నలు అడుగుదాం. ఇందులో ఎవరు ఎవరి అనుమతి లేకుండా గుమికూడగలరు? గ్రంథం మొత్తం ఎవరి చేతిలో ఉంది, ఎవరికి కత్తిరించి ఇస్తున్నారు? అర్థం చెప్పే హక్కు ఎవరిది? ఈ ప్రశ్నలకి జవాబు "అందరికీ, అందరిదీ" అయినచోట బైబిలూ విముక్తి గ్రంథమైంది, డోలూ విముక్తి వాయిద్యమైంది. జవాబు "కొందరిదే" అయినచోట దువాలియే చేతిలో వూడూ అయినా సరే కొరడాయే అయింది.

చివరగా ఒక్క పని. మీ ఊరి కౌన్సిల్‌లో ఇంకొకరి ప్రార్థనాస్థలం మీద విచారణ పెట్టినప్పుడు, అది హైతీవాళ్ళదైనా, సోమాలీలదైనా, ఇంకెవరిదైనా, ఒక సాయంత్రం తీరిక చేసుకుని వెళ్ళండి. ట్రాఫిక్ గురించి, శబ్దం గురించి, పార్కింగ్ గురించి అక్కడ చాలా మాటలు వినిపిస్తాయి. వాటిలో ఎన్ని నిజంగా పార్కింగ్ గురించో, ఎన్ని ఆ మనుషులు ఒకచోట చేరడం గురించో మీకే తెలుస్తుంది. రెండో రకం వినిపిస్తే లేచి నిలబడి మాట్లాడండి.

 ప్రశ్నలుంటే అడగండి, మాట్లాడుకుందాం.